లాంగ్‌స్టాఫ్ చెయ్యని ఇంజను

మా నాన్న చేసిన ఇంజను పార్జిటర్ కొట్టు అద్దాల వెనక కనపడిన రోజు సెప్టెంబరు పదకొండు, బుధవారం. 1996. నాన్న బూట్లకు అడుగులు వేయించడానికి మా ఊరు హాలిఫాక్స్ బజారుకు వెళ్ళాను. పక్షవాతం వచ్చాక ఆయన కుడికాలు ఈడ్చి నడిచేవాడు, కుడి బూటు నెల తిరక్కుండా అరిగిపోయేది. బూట్లు బాగుచేసే కొట్టు పక్కనే పార్జిటర్ కొట్టు. పాత బొమ్మ రైళ్ళు కొంటాడు, అమ్ముతాడు. ముప్ఫై ఏళ్ళుగా దాని ముందు నుంచి నడుస్తున్నాను గాని ఒక్కసారీ ఆగలేదు. ఆ రోజు ఆగాను.

మూరెడు పొడుగు నల్లటి గూడ్సు ఇంజను. ఆకుపచ్చ మఖమలు గుడ్డ మీద ఒంటరిగా నిలబెట్టి, నగల కొట్లో హారానికి వేసినట్టు పైన చిన్న దీపం వేశాడు. ముందు ఒక అట్టముక్క. "ఆంబ్రోస్ లాంగ్‌స్టాఫ్ స్వహస్తాలతో చేసినది. అత్యంత అరుదు. 1,450 పౌండ్లు."

లాంగ్‌స్టాఫ్ ఎవరో నాకప్పుడు తెలియదు. ఇంజను ఎవరిదో మాత్రం తెలుసు. నాకు ఇరవై ఏళ్ళప్పుడు, వంటింటి బల్లకు ఆ కొసన నాన్న దాని చక్రాలకు ఆకురాయి పడుతుంటే, ఈ కొసన కూర్చుని ఆ చప్పుడుకు పళ్ళు నూరుకున్నదాన్ని నేను.

నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. ఆవిరి ఇంజన్లు పోయి షెడ్డు మూసేశాక బస్సు నడిపాడు. కాని బస్సు గురించి ఆయన ఇంట్లో ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు. సాయంత్రం టీ తాగి ఇత్తడి రేకు ముందు వేసుకుని కూర్చునేవాడు. ఇరవై ఆరేళ్ళలో ఏడు ఇంజన్లు చేశాడు. ఏడూ షెడ్డులో తన చేతుల మీద బాగుపడిన అసలు ఇంజన్లకు నమూనాలే. ఎవరికీ అమ్మలేదు, ఏ ప్రదర్శనలోనూ పెట్టలేదు. జూలైలో పక్షవాతం వచ్చి ఆయన మా ఇంటికి వచ్చేశాక, ఆయన అద్దెకున్న కౌన్సిల్ వాళ్ళ ఇల్లు ఖాళీ చేసే పని మా తమ్ముడు క్లైవ్‌కి అప్పజెప్పాం. ఇంజన్లు తన ఇంటి అటక మీద భద్రంగా ఉన్నాయని క్లైవ్ చెప్పాడు.

కొట్లోకి వెళ్ళాను. పార్జిటర్ అరవై దాటిన మనిషి, ఊలు కోటు మోచేతులకు తోలు అతుకులు. ఒక పాత అట్టపెట్టెను కుంచెతో దులుపుతున్నాడు. పెట్టెలో ఏమీ లేదు. ఖాళీ పెట్టెకే నలభై పౌండ్ల చీటీ అంటించి ఉంది.

"కిటికీలో ఇంజను మీకెక్కడ దొరికింది?"

"ఓ పాత సేకరణలోంచి వచ్చిందమ్మా. పేర్లు చెప్పం. మా వ్యాపారంలో అది మర్యాద."

"అది మా నాన్న చేసింది."

కుంచె పక్కన పెట్టి నవ్వాడు. చంటిపిల్లను చూసి నవ్వినట్టు. "చాలామంది అలాగే అనుకుంటారు తల్లీ. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి."

"ఒకేలా ఉన్నది కాదు, అదే. విల్ఫ్ సట్‌క్లిఫ్ ఆయన పేరు. ఈ ఊళ్ళోనే ఉన్నాడు."

"లాంగ్‌స్టాఫ్ చేతిపని గుర్తుపట్టగలవాళ్ళు దేశం మొత్తం మీద పదిమంది ఉంటే అందులో నేనొకణ్ణి. దీనికి ధ్రువపత్రం కూడా ఉంది."

"ఎవరిచ్చారు?"

"నేనే."

ఆయన నా మొహమైనా చూడకుండా, "కావాలంటే కొనుక్కోండమ్మా. మీకైనా ఎవరికైనా ఒకటే ధర," అని మళ్ళీ ఖాళీ పెట్టె దులపడం మొదలుపెట్టాడు.

అక్కణ్ణుంచి తిన్నగా క్లైవ్ దగ్గరకు వెళ్ళాను. వాడు తివాచీలు పరిచే పని చేస్తాడు. ఎవరింట్లోనో మోకాళ్ళ మీద కూర్చుని మూల కోస్తున్నాడు.

"ఏరా, నాన్న ఇంజన్లు ఎక్కడున్నాయి?"

"అటక మీద అని చెప్పానుగా అక్కా."

"ఎవరి అటక మీద?"

కత్తి ఆగింది. తలెత్తలేదు. "నూట యాభై ఇచ్చాడు. ఏడింటికీ, పట్టాలకీ అన్నిటికీ కలిపి. వారంలో ఇల్లు అప్పజెప్పాలి. నువ్వేమో ఆస్పత్రిలో ఉన్నావు. ఆ బొమ్మలన్నీ నెత్తిన పెట్టుకుని ఎక్కడ తిరగమంటావు?"

"నాకు ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్తే వద్దంటావు."

"అందుకే కదరా చెప్పాల్సింది."

ఆ ఇంటావిడ టీ కప్పుతో గుమ్మంలో నిలబడిపోయింది. నేను ఆమె ముందే వాణ్ణి ఎన్ని మాటలనాలో అన్నీ అన్నాను. చివర్న, మా గడప తొక్కొద్దన్నాను. వాడు మళ్ళీ మూల కొయ్యడం మొదలుపెట్టాడు. అది నన్ను ఇంకా మండించింది.

లాయరు దగ్గరకు వెళ్తే ఆయన పది నిమిషాల్లో తేల్చేశాడు. తాళం చెవి మీరే ఇచ్చారు, ఖాళీ చెయ్యమని మీరే చెప్పారు, అమ్మకం అమ్మకమే. ఇక పార్జిటర్ దాన్ని లాంగ్‌స్టాఫ్‌ది అంటాడా, ఇంకెవరిదైనా అంటాడా అన్నది కొనేవాడి గొడవ, మీది కాదు అన్నాడు.

ఏ పనిలోనూ మనసు నిలవలేదు. నేను బడిలో పిల్లలకు వంట చేస్తాను. ఆ వారం బంగాళాదుంపలు రెండుసార్లు మాడగొట్టాను. రోజూ సాయంత్రం నాన్నకు కత్తితో మాంసం ముక్కలు చేసి పెడుతూ, అటక మీద ఉన్నాయని నేనూ అబద్ధం చెప్తూ వచ్చాను.

అక్టోబరులో హడర్స్‌ఫీల్డ్‌లో పాత బొమ్మ రైళ్ళ సంత. పార్జిటర్ అక్కడికి వెళ్తాడని తెలిసి నేనూ వెళ్ళాను. స్కూలు హాలు నిండా బల్లలు, బల్లల నిండా పెట్టెలు, బేకన్ బన్నుల వాసన, తడిసిన కోట్ల వాసన. రంగు రాలిపోయిన రేకు బండికి ఎనభై పౌండ్లు. చక్రం ఊడిన దానికి అరవై. ఎందుకయ్యా అంత అని ఒక ముసలాయన అడిగితే, "చక్రం ఊడినా రంగు అసలుది," అని జవాబు. అడిగినాయన తలూపి జేబులో చెయ్యి పెట్టాడు. ఇంత పెద్ద పెద్ద మనుషులు, జీవితమంతా గనుల్లోనూ మిల్లుల్లోనూ పనిచేసినవాళ్ళు, ఇలా వరసలో నిలబడి మెడ వంచి అడిగినంత ఇస్తున్నారేమిటా అని నాకు వాళ్ళ మీదా కోపం వచ్చింది.

నాన్న ఇంజను పార్జిటర్ బల్ల మధ్యలో ఉంది. మిగతా ఆరూ అప్పటికే ఎవరెవరి ఇళ్ళకో పోయాయి. చీటీ మీద ధర 1,600 అయింది.

"నెల తిరక్కుండా నూట యాభై ఎందుకు పెరిగింది?" అని అక్కడున్న ఒకాయన అడిగాడు.

"అడిగేవాళ్ళు పెరిగారండి," అన్నాడు పార్జిటర్. నా వైపు చెయ్యి చూపించాడు. "ఈవిడే దీనికోసం హాలిఫాక్స్ నుంచి వచ్చారు. ఇది రెండోసారి."

ఆ మనిషి నన్ను ఎగాదిగా చూసి ఇంజను మీదకు ఇంకాస్త వంగాడు. దాని ధర పెంచింది నేనేనన్నమాట. అది అబద్ధం, మా నాన్న చేశాడు అని గట్టిగానే అన్నాను. ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. బేరంలో ధర తగ్గించడానికి ఎత్తు వేస్తోందనుకున్నారో ఏమో, ఒకతను నవ్వి, "మా నాన్న కూడా చాలా చేశాడమ్మా, అన్నీ అప్పులే," అన్నాడు. పార్జిటర్ కూడా నవ్వాడు.

ఇంటికొచ్చి తలుపు ధడాలున వేశాను. ముందుగదిలో నాన్న పేపరు ఎడంచేత్తో మడతపెట్టుకుంటూ, "ఆ తలుపేం చేసింది నిన్ను?" అన్నాడు.

ఇక దాచలేకపోయాను. నిలబడే అంతా చెప్పేశాను.

ఆయన పేపరు పక్కన పెట్టాడు. "ఏడూనా?"

"ఏడూ."

"వాడు ఎవరి పేరు చెప్తున్నాడన్నావు?"

"ఎవడో లాంగ్‌స్టాఫట."

నాన్న మొహం మారింది. పక్షవాతంతో ఒక పక్కకు జారిపోయిన పెదవి ఎంతో ప్రయాసపడి పైకి లేచింది. అది నవ్వని తెలియడానికి నాకు కాస్త సమయం పట్టింది.

"యాభై ఎనిమిదిలో లీడ్స్‌లో ఒక ప్రదర్శనలో ఆయన చేసిన ఇంజను అద్దాల పెట్టెలో పెట్టారు. మూడు గంటలు నిలబడ్డా దాని ముందు. మీ అమ్మ ఒక్కతే బజారు చేసుకుని, మళ్ళీ వచ్చి నన్ను వెతుక్కుంది." ఆగి, "గుర్తుపట్టగలవాళ్ళు పదిమందేనన్నాడా?" అన్నాడు.

"వాడొక దొంగ నాన్నా. వాడేమంటే మనకేం?"

"దొంగే అనుకో. పని తెలిసిన దొంగ. చూసి లాంగ్‌స్టాఫ్‌ది అన్నాడు కదా."

"నీ పేరు తీసేశాడు."

"నా పేరు దాని మీద ఎప్పుడుంది? ఉండనీ అమ్మాయ్. ఎవరికీ చెప్పకు. నాది అని తెలిస్తే అరవై పౌండ్లు చెయ్యదు."

ఆ పూట నాకు పార్జిటర్ మీద కన్నా, క్లైవ్ మీద కన్నా, నాన్న మీద ఎక్కువ కోపం వచ్చింది. ఆయన సొమ్ము కోసం నెల్నాళ్ళుగా ఊళ్ళు పట్టుకు తిరిగి నలుగురిలో నవ్వులపాలయ్యాను. ఆయనేమో దొంగ మెచ్చుకున్నాడని మురిసిపోతున్నాడు. మర్నాటి నుంచి ఒకటే గొడవ, ఒక్కసారి చూస్తాను తీసుకెళ్ళమని. నోరు విప్పనని నేను మాట ఇస్తేనే తీసుకెళ్ళాలట. షరతు కూడా ఆయనదే.

ఇంజనును పార్జిటర్ అప్పుడు సంతలకే తిప్పుతున్నాడు. నవంబరు చివరి ఆదివారం లీడ్స్‌లో సంత. నాన్న టై కట్టమన్నాడు. కట్టాను. కర్ర పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ, ఒక్క బల్లవైపూ చూడకుండా తిన్నగా దాని దగ్గరకు నడిచాడు. ధర 1,850 అయింది.

నన్ను చూసి పార్జిటర్ మొహం ముడుచుకున్నాడు. నాన్న టోపీ తీసి, "ఊరికే చూడ్డానికి వచ్చామండి," అన్నాడు. పార్జిటర్ కుదుటపడ్డాడు. వినేవాడు దొరికితే చెప్పకుండా ఉండలేడు ఆ మనిషి.

"దగ్గరకొచ్చి చూడండి. ఆ రివెట్లు చూశారా? ఒక్కోటీ చేత్తో దించింది. వందలున్నాయి."

"పదకొండు వందల నలభై ఉంటాయి," అన్నాడు నాన్న.

"ఉండొచ్చు. కళ్ళు బాగానే ఉన్నాయే మీకు. ఆ బాయిలరు వంపు చూడండి. టంకం ఎక్కడ పెట్టాడో కనిపెట్టగలరేమో చూడండి. కనపడదు. అదీ లాంగ్‌స్టాఫంటే. అలాంటి చేతులు మళ్ళీ పుట్టవు."

"అంత బాగుందంటారా?"

"నేను చూసినవాటిలో ఇంతకన్నా మంచిది లేదు."

నాన్న తన ఎడంచేతిని కుడిచేతి మీద వేసుకుని నిలబడ్డాడు. నేను చెంపలు మండుతుండగా నేలవైపు చూస్తూ ఉన్నాను. మాట ఇచ్చాను మరి.

ఇంతలో ఒక జంట వచ్చింది. ఆయన ఉద్యోగం దిగిపోయిన పోస్ట్‌మన్ అట, పేరు డకెట్, రోచ్‌డేల్ నుంచి. చెక్కు పుస్తకం అప్పటికే చేతిలో ఉంది. నాన్నను తనలాంటివాడే అనుకుని పలకరించాడు. "నలభై ఏళ్ళ నుంచి కలగంటున్నానండి, ఒక్క లాంగ్‌స్టాఫ్ నా దగ్గరుండాలని. ఇవాళ తీసుకుపోతున్నా."

"సెలవులకు వెళ్ళే కారవాన్ బండి అమ్మేశాం దీనికోసం," అంది ఆయన భార్య. విసుగేమీ లేదు గొంతులో. కొత్త కోటు వేసుకుని, చేతిసంచి పొట్టకు ఆనించి పట్టుకుని ఉంది. "ఏటా ఆగస్టులో దాంట్లో సముద్రం ఒడ్డుకి, స్కార్‌బరో వెళ్ళేవాళ్ళం. ఇక ఇంట్లోనే కూర్చుని దీన్ని చూస్తాం."

"నీకూ ఇష్టమే అన్నావు కదా," అన్నాడు డకెట్.

"నీకు ఇష్టమని నాకు ఇష్టం."

నాన్న ఆవిడ వైపు చూశాడు. కొంచెం ఎక్కువసేపే చూశాడు. డకెట్ చెక్కు మీద తేదీ వేస్తున్నాడు.

"కొనకండి," అన్నాడు నాన్న.

పార్జిటర్ అర్థంకానట్టు, "ఏమన్నారు?" అన్నాడు.

"అది లాంగ్‌స్టాఫ్‌ది కాదు. నేను చేశాను. డెబ్భై ఒకటిలో, వంటింటి బల్ల మీద."

"ఇదంతా ఈవిడ నేర్పిన నాటకం. హడర్స్‌ఫీల్డ్‌లో కూడా ఇలాగే—"

"వెనక బొగ్గుపెట్టె కింద రెండు స్క్రూలుంటాయి," అని నాన్న డకెట్‌తోనే చెప్పాడు. "విప్పితే లోపలి రేకు దగ్గుబిళ్ళల డబ్బాది. అప్పుడు ఇత్తడి అయిపోయింది, నా దగ్గర కొనడానికి లేదు. అక్షరాలు ఇంకా ఉంటాయి."

"విప్పితే విలువ పోతుంది," అన్నాడు పార్జిటర్.

"నేను డబ్బిచ్చేవాణ్ణి. విప్పండి," అన్నాడు డకెట్.

"నా సరుకు నేను విప్పను."

డకెట్ జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీశాడు. అక్కడికొచ్చే ప్రతివాడి జేబులోనూ ఒకటి ఉంటుంది. చుట్టూ అప్పటికే పదిమంది చేరారు. పార్జిటర్ వాళ్ళ మొహాలు చూశాడు, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండు స్క్రూలూ ఊడి వచ్చాయి. రేకు తిరగేశారు. ఎర్ర అక్షరాలు, సగం చెరిగి ఉన్నాయి. "గొంతు గరగరకు, రోజుకు మూడు బిళ్ళలు" అని.

నేను పార్జిటర్ మొహంలోకి సూటిగా చూశాను. రెండున్నర నెలల నుంచి ఆ మొహం అలా అవ్వాలని ఎదురుచూశాను. తీరా చూస్తే, ఆయన సర్దుకోవడానికి క్షణం కూడా పట్టలేదు. "నేనూ మోసపోయానన్నమాట," అని భుజాలెగరేశాడు.

సంత నడిపించేవాళ్ళు వచ్చారు. పార్జిటర్‌ని ఏమీ అనలేదు. గొడవ చేస్తున్నారు, మీరిద్దరూ బయటికి దయచెయ్యండి అని మమ్మల్ని అన్నారు. తలుపు దాకా డకెట్ మా వెనకే వచ్చాడు. కృతజ్ఞత చెప్తాడనుకున్నాను.

"మీరు నోరు మూసుకుని ఉంటే," అన్నాడు నాన్నతో, చెక్కు పుస్తకం జేబులో కుక్కుకుంటూ, "నేను సంతోషంగా ఇంటికెళ్ళేవాణ్ణి. చచ్చేదాకా నాకు తెలిసేది కాదు."

"తెలుసు," అన్నాడు నాన్న.

కారులో నేను ఆగకుండా మాట్లాడాను. వాళ్ళ మీద ఫిర్యాదు రాస్తానన్నాను, పత్రికకు ఎక్కిస్తానన్నాను. బ్రాడ్‌ఫర్డ్ దాటాక నాన్న నోరు విప్పాడు.

"బాగుందన్నాడు కదా. ముందు."

నేను ఫిర్యాదు రాశాను. జవాబు రాలేదు. డిసెంబరు మొదట్లో ఇంజను మళ్ళీ హాలిఫాక్స్ కిటికీలోకి వచ్చింది. ఈసారి అట్టముక్క మీద "లాంగ్‌స్టాఫ్ శైలిలో, అజ్ఞాత నిపుణుడు" అని రాశాడు. 600. అజ్ఞాత నిపుణుడు మా ముందుగదిలో కూర్చుని ఉన్నాడని వాడికి బాగా తెలుసు. నేను పొదుపు ఖాతా ఖాళీ చేసైనా కొనేస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. "వాడికి ఒక్క పెన్నీ ఇచ్చావంటే నీతో మాట్లాడను," అన్నాడు.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైంది. తీస్తే క్లైవ్. మూసెయ్యబోయాను.

"నాన్న ఫోన్ చేశాడు," అన్నాడు వాడు.

నేను పనిలో ఉన్నప్పుడు ఎడంచేత్తో నంబరు తిప్పాడట. వాడికి నాన్న ఫోన్ చెయ్యడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. వాడు ముందుగది గుమ్మం దగ్గరే ఆగాడు. నాన్న కూర్చోమనలేదు, వెళ్ళిపొమ్మనలేదు.

"అన్నీ నువ్వే సర్దావా పెట్టెల్లో?"

"ఆఁ."

"దేంట్లో చుట్టావు?"

"నీ పాత బనియన్లలో. ఒక్కోదానికి రెండేసి. ఏదీ దెబ్బ తినలేదు."

"అంత జాగ్రత్తగా చుట్టి దొంగకి ఇచ్చావు," అన్నాను నేను వంటింట్లోంచి. ఇద్దరూ నా వైపు చూడలేదు.

"నన్ను వాటి దగ్గరకి రానిచ్చేవాడివి కాదు," అన్నాడు క్లైవ్. నాన్నతో కాదు, నేలతో అన్నట్టు. "చేతులు జిడ్డు, దూరం పో, అనేవాడివి. ఆ రోజు ఎవరూ లేరు. ఒక్కోటీ చేతిలో పట్టుకుని కూర్చున్నా. గంట అయిందో, రెండు గంటలయిందో. తర్వాత కోపం వచ్చింది. ఇంతేనా, దీనికోసమా అని. కోపంలోనే వాడికి ఫోన్ చేశా."

నాన్న వాణ్ణి తిడతాడని నేను ఎదురుచూశాను. తిట్టాలి. నేను తిట్టినదాని కన్నా గట్టిగా తిట్టాలి.

"చేతిలో ఎలా ఉంది?" అన్నాడు నాన్న.

క్లైవ్ తలెత్తాడు. "బరువుగా ఉంది. అంత బరువుంటుందనుకోలేదు."

"సీసం పోశాను బాయిలరులో. లేకపోతే చక్రాలు పట్టాల మీద జారతాయి."

"ఎంత పోశావు?"

నాన్న ఎడంచేతి రెండు వేళ్ళతో కొలత చూపించబోయాడు. కుదరలేదు. క్లైవ్ కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుని తన చెయ్యి ముందుకు పెట్టాడు. నాన్న ఆ అరచేతి మీద వేలితో గీస్తూ ఇంత లోతు, ఇంత వెడల్పు అని చెప్పడం మొదలుపెట్టాడు.

వాళ్ళిద్దరి కోపం ఏ క్షణంలో పోయిందో నేను గమనించలేదు. నాది పోలేదు. ఆ ఇద్దరూ ఒకటైపోయి ఆ కోపమంతా నా ఒక్కదానికి వదిలేశారనిపించింది. కెటిల్ పొయ్యి మీద పెట్టి మూడు కప్పులు తీశాను. ఒకటి వెనక్కి పెట్టేద్దామనుకున్నాను, పెట్టలేదు. మూడింటిలోనూ టీ పోశాను. క్లైవ్‌కి రెండు చెంచాల పంచదార లేనిదే గొంతు దిగదని తెలుసు. వెయ్యలేదు.